మనుమరాలికి కుక్క, వాకిట్లో పాత సామాను



గత మాసంలో ఒక సాయంకాలం నందిగామలోని మా ఇంటికి నా చిరకాల మిత్రులొకరు వచ్చారు. ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఆయన కుమారుడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచినీళ్లు తాగమన్నా తాగక, చేతిలోని ఫోను నా ముందు పెట్టి, "చూడండి డాక్టరుగారూ, మావాడు చేస్తున్న ఘనకార్యం" అన్నారు.

ఫోనులో ఒక ప్రకటన ఉంది. తొమ్మిదేళ్ల ఆయన మనుమరాలి ఛాయాచిత్రం, పక్కన ఒక లాబ్రడార్ కుక్క బొమ్మ. వచ్చే శనివారం ఉదయం ఏడు గంటల నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు తమ ఇంటి ముందు పాత వస్తువులు అమ్ముతామనీ, వచ్చిన ప్రతి డాలరూ మూర్ఛవ్యాధితో బాధపడే తమ బిడ్డకు శిక్షణ పొందిన కుక్కను తెచ్చుకోవడానికి వినియోగిస్తామనీ దాని సారాంశం.

"మా నాన్నగారు కరువు రోజుల్లో ఊరికి గాదె తెరిచిన మనిషి. ఆయన మనుమడు రోడ్డు పక్కన పాత చొక్కాలు అమ్ముకుంటాడా? అదీ ఒక కుక్క కోసం! మీరు డాక్టరు. కుక్కతో ఫిట్సు తగ్గవని మీరొక్క మాట చెబితే వాడు వింటాడు" అన్నారు మాస్టారు.

ఆయన నన్ను అడిగినది ఒక్క మాటే గానీ అందులో రెండు ప్రశ్నలున్నాయి. కుక్క వలన ప్రయోజనం ఉందా అనేది వైద్య ప్రశ్న. వాకిట్లో సామాను పెట్టి అమ్మడం పరువు తక్కువా అనేది వైద్య ప్రశ్న కాదు. అయినప్పటికీ నా నలభై ఏళ్ల వృత్తి జీవితంలో మొదటి దానికన్న రెండవదే ఎక్కువ మంది రోగుల ప్రాణం మీదికి తెచ్చింది. కనుక రెండింటినీ గురించి వ్రాస్తున్నాను. పేర్లు, ఊర్లు బయటపెట్టనన్న మాట మీద మాస్టారు అనుమతించారు.

ముందుగా ఈ అమ్మకం సంగతి. దీనిని అక్కడ యార్డ్ సేల్ అంటారు, గరాజ్ సేల్ అనీ అంటారు. మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు అటువంటి రెండు మూడు చూశాను. ఇంటి ముందు కారు నిలిపే జాగాలో మడత బల్లలు వేస్తారు. పిల్లలకు పొట్టియైపోయిన దుస్తులు, చదివేసిన పుస్తకాలు, మూలన పడిన సైకిలు, ఎవరో కానుకగా ఇచ్చిన అక్కరలేని గిన్నెలు, దీపపు బుడ్లు, కుర్చీలు అన్నీ పేర్చి, ఒక్కొక్క దాని మీద ధర వ్రాసిన చిన్న కాగితం అంటిస్తారు. ముందు రోజే వీధి మలుపులో బాణం గుర్తు వేసిన అట్టముక్క పాతుతారు. చిల్లర నాణేలు ఒక డబ్బాలో సిద్ధంగా ఉంచుకుంటారు. ఏడు గంటలని వ్రాస్తే ఆరున్నరకే వచ్చి నిలబడే బేరగాళ్లుంటారు. బేరం మన సంతలోలాగే సాగుతుంది. కొనేవారిలో పేదలూ ఉంటారు, పెద్ద కార్లలో వచ్చేవారూ ఉంటారు. మిగిలిన సామాను సాయంత్రానికి ఏ ధర్మసంస్థకో పంపివేస్తారు. ఇంతకుమించి అందులో వింతేమీ లేదు.

మనమూ పాత సామాను అమ్ముతాము కదా! పాత ఇనుము, ప్లాస్టిక్, దినపత్రికలు కొంటామని మైకులో అరుస్తూ వచ్చే బండి మన వీధిలో ఆగని వారముండదు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకొనని గృహిణి మన తరంలో అరుదు. కాకపోతే మనం పెరటి గుమ్మంలో, గొంతు తగ్గించి అమ్ముతాము. వారు వాకిట్లో పెట్టి, ఎందుకు అమ్ముతున్నారో వ్రాసి మరీ అమ్ముతారు. మాస్టారుగారి బాధ సామాను అమ్మినందుకు కాదు, ఎందుకో వ్రాసినందుకు. బిడ్డకు మూర్ఛ ఉన్నదని నలుగురూ చదివేటట్లు వ్రాయడం ఆయన సహించలేకపోయారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక కుక్క. శిక్షణ పొందిన సహాయక శునకాల చరిత్ర నూరేళ్లు దాటినది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల వలన, గాయాల వలన చూపు కోల్పోయిన సైనికుల కోసం జర్మనీలో 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో తొలి శిక్షణాలయం వెలసింది. స్విట్జర్లాండులో కుక్కలకు శిక్షణనిస్తున్న డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ ఆ పని చూసి 1927లో ఒక పత్రికలో వ్యాసం వ్రాశారు. అది నాష్‌విల్ పట్టణంలోని మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకునికి ఎవరో చదివి వినిపించారు. అతడు 1928లో స్విట్జర్లాండు వెళ్లి బడ్డీ అనే కుక్కతో తిరిగి వచ్చి, న్యూయార్కులో వాహనాల రద్దీ నడుమ పత్రికల వారి ఎదుటే వీధి దాటి చూపించాడు. మరుసటి సంవత్సరమే 'ది సీయింగ్ ఐ' సంస్థ ఏర్పడింది. మొదటి కుక్కకు 150 డాలర్లు మాత్రమే తీసుకునే పద్ధతిని ఆ సంస్థ దశాబ్దాలుగా పాటిస్తున్నది. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. మిగిలినది దాతలు భరిస్తారు.

తరువాతి కాలంలో ఈ కుక్కలు చక్రాల కుర్చీలో ఉన్నవారికి, వినికిడి లేనివారికి, మూర్ఛరోగులకు కూడా తోడు వచ్చాయి. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం వీటికి దుకాణంలోకీ, బడిలోకీ, ఆసుపత్రిలోకీ యజమానితో పాటు వెళ్లే హక్కును కల్పించింది. యజమాని వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పని చేయడానికి శిక్షణ పొందితేనే అది సహాయక శునకం. ఊరికే మనస్సుకు ఊరటనిచ్చే పెంపుడు కుక్కకు ఆ హక్కు వర్తించదు.

మూర్ఛరోగి విషయంలో కుక్క ఏమి చేయగలదు? పాఠకులు ఇక్కడ కొంచెం శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. మూర్ఛ వచ్చిన తరువాత చేయవలసిన పనులను కుక్కకు నేర్పవచ్చు. మొరిగి ఇంట్లోవారిని లేపడం, గోడకు అమర్చిన మీటను నొక్కడం, పడిపోయిన బిడ్డ ప్రక్కన కదలకుండా పడుకోవడం, తెలివి వచ్చేటప్పుడు కంగారుపడి వీధిలోకి పోకుండా అడ్డు నిలవడం వంటివి. ఇవి నిజంగా నేర్పదగిన పనులు. మూర్ఛ రాకముందే పసిగట్టి హెచ్చరించడం వేరు. కొన్ని కుక్కలు అలా చేస్తాయని యజమానులు చెబుతారు. శరీరపు వాసనలో వచ్చే మార్పును గుర్తిస్తాయేమోనని పరిశోధనలు కూడా జరిగాయి. అయితే దానిని నమ్మకంగా నేర్పగలమని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీకి శాస్త్రీయమైన ఆధారం చాలదు. అటువంటి హామీకి డబ్బు చెల్లించవద్దు. వర్జీనియా రాష్ట్రంలో, మధుమేహ రోగుల రక్తంలో చక్కెర పడిపోవడాన్ని పసిగడతాయని చెప్పి వేలాది డాలర్లకు కుక్కలు అమ్మిన ఒక సంస్థ మీద 2018లో ఆ రాష్ట్ర అటార్నీ జనరలే దావా వేశారు.

కుక్క మూర్ఛను తగ్గించదు. ఆ మాట మాస్టారుగారికి అక్కడికక్కడే చెప్పాను. ఆయన ముఖం వికసించింది. "మరి అదే వాడికి చెప్పండి!" అన్నారు. చెబుతానన్నాను, కానీ ముందు అబ్బాయితో నేను మాట్లాడవలసినవి కొన్ని ఉన్నాయన్నాను.

ఆ రాత్రే మాట్లాడాను. నేను అడిగిన మొదటి ప్రశ్న కుక్క గురించి కాదు, మందుల గురించి. సరిగ్గా గుర్తించి చికిత్స చేస్తే మూర్ఛరోగుల్లో సుమారు 70 శాతం మంది మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తగిన మందులు రెండింటిని తగిన మోతాదులో వాడినా అదుపులోకి రాకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించి, శస్త్రచికిత్సకు వీలున్నదేమో నిపుణుల కేంద్రంలో పరీక్షింపజేయాలి. మన దేశంలోనే తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1995 నుంచి ఈ శస్త్రచికిత్సలు చేస్తున్నది. కొందరు పిల్లలకు కొవ్వు అధికంగా ఉండే ప్రత్యేక ఆహారం ఉపకరిస్తుంది. ఇవన్నీ చూడకుండా కుక్క కోసం పరుగెత్తడం పునాది వేయక పైకప్పు వేయడమే.

అబ్బాయి అన్నీ చూపించాడు. మూడు మందులు అయినాయి. మెదడులో మూర్ఛ పుట్టే చోటు ఒక్కటి కాదు, కనుక శస్త్రచికిత్సకు వీలు లేదన్నారు. ఆహార నియమం ఏడాది పాటించారు, కొంత తగ్గింది. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో పిచికారీ చేసే మిడజోలాం ఇంట్లోనూ బడిలోనూ ఉన్నది. మూర్ఛ వస్తే తల్లిదండ్రుల ఫోనుకు హెచ్చరిక పంపే చేతిపట్టీ కూడా కొన్నారు. అటువంటి పట్టీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో పెద్దలకు, మరుసటి ఏడాది ఆరేళ్లు పైబడిన పిల్లలకు అనుమతినిచ్చింది. అంతా చేసినవారే. "మరి కుక్క ఎందుకు నాయనా?" అని అడిగాను.

కోడలు జవాబు చెప్పింది. "పాప ఒంటరిగా పక్క గదిలోకి కూడా పోవడం లేదు అంకుల్. బడిలో పడిపోయిన తర్వాత ఎవరూ దాని పక్కన కూర్చోవడం లేదు. నేను నిద్రపోయి నాలుగేళ్లయింది."

చేతిపట్టీ హెచ్చరిక పంపగలదు. బడిలో పక్కన కూర్చోలేదు. నేను కుక్కను వైద్యంగా సిఫారసు చేయను, ఇప్పటికీ చేయను. కానీ వైద్యం తన పని తాను చేసిన తరువాత మిగిలిపోయే భయానికి అదొక తోడు అని ఆ అమ్మాయి మాటల వలన ఒప్పుకున్నాను. కుక్కతో వచ్చిన బిడ్డను తోటి పిల్లలు తప్పించుకుపోరు, చుట్టూ చేరతారు. ఇది నేను అమెరికాలో కళ్లారా చూసినదే.

ఖర్చు చూడండి. ఒక కుక్కపిల్లను సుమారు ఏడాదికి పైగా స్వచ్ఛంద కుటుంబాలు పెంచుతాయి. ఆ పైన మాసాల తరబడి శిక్షణ. వాటిలో చాలా కుక్కలు మధ్యలోనే పనికిరావని తేలి సాధారణ గృహాలకు పోతాయి. చివరికి కుటుంబం వెళ్లి కుక్కతో కలిసి మళ్లీ శిక్షణ పొందాలి. ఇన్నిటి మీద ఒక్కొక్క కుక్కకు 15 వేల డాలర్ల నుంచి 50 వేల దాకా అవుతుంది. కుక్క పనిచేసే కాలం ఎనిమిది, పది సంవత్సరాలు. 1975లో కాలిఫోర్నియాలో మొదలైన 'కెనైన్ కంపానియన్స్' వంటి సంస్థలు ఉచితంగానే ఇస్తాయి, కానీ వేచియుండాలి. అన్ని వ్యాధులకూ ఇవ్వరు. ఒహాయో రాష్ట్రంలో కారెన్ షర్క్ అనే మహిళ 1998లో పిల్లల కోసం '4 పాస్ ఫర్ ఎబిలిటీ' అనే సంస్థను నెలకొల్పారు. కండరాల బలహీనతతో శ్వాసయంత్రం మీద ఆధారపడిన ఆమెకు అంతకుముందు కుక్కనివ్వడానికి ఒక సంస్థ నిరాకరించింది. తన కుక్కను తానే తర్ఫీదు చేయించుకున్నారామె. అటువంటి సంస్థలు ఖర్చులో ఒక భాగాన్ని కుటుంబమే ఊరి సాయంతో సమకూర్చుకోవాలంటాయి. యార్డ్ సేల్ పుట్టుకొచ్చేది అక్కడే.

అబ్బాయికి నేను చెప్పిన జాగ్రత్తలు ఇవి. ఉచితంగా ఇచ్చే సంస్థల తలుపు మొదట తట్టు. కుక్క ఏమి చేయగలదో, ఏమి చేయలేదో కాగితం మీద వ్రాసి ఇవ్వమను. ఫలానా రుసుము కడితే మీ కుక్కను నమోదు చేసి ధ్రువపత్రం పంపుతామనే వెబ్‌సైట్లకు పైసా పంపవద్దు; అమెరికా చట్టంలో అటువంటి నమోదుకు విలువ లేదు. కుక్క కుదరకపోతే పోగైన సొమ్ము ఏమవుతుందో ప్రకటనలోనే వ్రాయి. బిడ్డ ఛాయాచిత్రం తీసివెయ్యి. పెద్దదైన తరువాత ఆమె అనుమతి లేకుండా ఆమె వ్యాధి అంతర్జాలంలో తిరుగుతూ ఉండకూడదు. చివరి దానికి అతడు కొంచెం తటపటాయించాడు, ఫొటో లేకపోతే జనం రారేమోనని. తీసివేశాడు మాత్రం.

మరునాడు మాస్టారు మళ్లీ వచ్చారు. కుక్క మీది అభ్యంతరం వదులుకున్నారు గానీ అమ్మకం మీదిది వదులుకోలేదు. "కావాలంటే ఇక్కడి అరెకరం అమ్మి పంపుతాను. బిచ్చం మాత్రం వద్దు" అన్నారు.

బిచ్చమా? మాస్టారూ, మీ పెళ్లిలో చదివింపులు చదివించలేదా? పందిట్లో ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చొని, ఎవరెవరు ఎంతెంత చదివించారో వ్రాసి, పైకి చదివి వినిపించేవాడు. ఎందుకు? పెళ్లి ఒక్క ఇంటి వల్ల అయ్యే ఖర్చు కాదని ఊరికి తెలుసు కనుక. నేడు నీకు, రేపు నాకు అన్న లెక్క కనుక. దానికి సిగ్గుపడిన పెళ్లికొడుకును నేను చూడలేదు. 1952లో రాయలసీమ కరువుకు నందమూరి తారకరామారావుగారు జోలె పట్టి ఊరూరా తిరిగారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత ఆయనా అక్కినేని నాగేశ్వరరావుగారూ చిత్రసీమ వారితో కలిసి మళ్లీ జోలె పట్టారు. చేతి గాజులు తీసి ఆ జోలెలో వేసిన తల్లులున్నారు. ఎవరూ దానిని బిచ్చమనలేదు. ఆయన పేరే ఇప్పుడు మన జిల్లాకు పెట్టుకున్నాము. ఊరికి ఉప్పెన వస్తే చేయి చాచడం గౌరవమూ, ఒక ఇంటికి ఉప్పెన వస్తే అవమానమూ ఎలా అవుతుంది? పైగా ఆ పిల్లలు చేయి కూడా చాచడం లేదు. ఒక వస్తువు ఇచ్చి దాని వెల పుచ్చుకుంటున్నారు. అరెకరం అమ్మితే మీ పరువు నిలుస్తుందేమో గానీ, ఆ వీధిలో వారికి పాప వ్యాధి సంగతి తెలియదు. రేపు ఆ బిడ్డ ఆడుకుంటూ వీధి చివర పడిపోతే ఏమి చేయాలో తెలిసిన పొరుగువాడు ఒక్కడూ ఉండడు.

ఇంత గట్టిగా మాట్లాడడానికి నాకొక కారణం ఉన్నది. ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో మునేటి ఒడ్డు పల్లె నుంచి ఒక తల్లి పదహారేళ్ల కూతురిని ఆసుపత్రికి తీసుకొచ్చింది. రోగుల వరుసలో నిలబడలేదు. నేను భోజనానికి లేచే వేళకు వచ్చి, తలుపు దగ్గరికి వేయమన్నది. పిల్లకు ఏడాదిగా మూర్ఛలు. సంబంధాలు చూస్తున్నారు. చీటీ మీద జబ్బు పేరు వ్రాయవద్దని బ్రతిమాలింది. నేను ఫినోబార్బిటోన్ బిళ్లలు వ్రాశాను. మానకుండా వేసుకోవాలన్నాను. జబ్బు పేరు వ్రాయలేదు. ఇంట్లో ఇంకెవరికి తెలుసని అడగలేదు. స్నానానికి, బట్టలు ఉతకడానికి ఎక్కడికి వెళుతుందని అడగలేదు. ఒంటరిగా నీటి దగ్గరికి పంపవద్దని చెప్పలేదు. ఆ రోజు వరండాలో ఇంకా నలభై మంది ఉన్నారు. అది కారణమే గానీ సమాధానం కాదు.

నాలుగు నెలల తరువాత ఆ పిల్ల మోకాలి లోతు నీటిలో చనిపోయింది. అదే రేవులో మరి నలుగురు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారట. ముఖం నీటిలోకి వాలినప్పుడు, దేవుడు పూనాడో గాలి సోకిందో అనుకుని వెనక్కి జరిగారట. ఆమెకు ఫిట్సు వస్తాయని వారికి తెలిసి ఉంటే, పక్కకు తిప్పి ఒడ్డుకు లాగడానికి ఒక నిమిషం చాలు. ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉంచడంలో నేను కూడా భాగస్వామినే.

ఈ భయం తల్లుల అజ్ఞానం మాత్రమే కాదని గుర్తుంచుకోవాలి. చట్టంలోనే ఉండేది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణలో, తరచుగా మూర్ఛలు వచ్చే వ్యక్తి వివాహానికి అనర్హుడన్నట్లుగా ఒక నిబంధన చేరింది. 1999లో గాని పార్లమెంటు ఆ మాటను తొలగించలేదు. చట్టం మారి పాతికేళ్లు దాటినా, నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ నేటికీ తలుపు దగ్గరికి వేయమనే తల్లులున్నారు.

మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మరి మన ఊళ్లో ఇలాంటి పిల్లలకు కుక్కలు తేలేమా?" అన్నారు. మొన్నటిదాకా కుక్కా అని ఈసడించిన మనిషి!

నా అభిప్రాయం, ఇప్పటికిప్పుడు తేలేము, తేవాలని ఆశపడవద్దు కూడా. శిక్షకులు లేరు. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే మన మెట్ట ప్రాంతపు తారురోడ్డు మీద లాబ్రడార్ పాదాలు కాలిపోతాయి. వీధికొక గుంపుగా ఉన్న ఊరకుక్కలు దానిని బ్రతకనివ్వవు. బస్సెక్కనిస్తారా, బడిలోకి రానిస్తారా అన్నది తరువాతి మాట. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడింట ఒక వంతుకు పైగా మన దేశంలోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన వారికి కుక్క అంటే ముందు భయమే గుర్తుకు రావడంలో తప్పు లేదు. (సందర్భం వచ్చింది కనుక: కుక్క కరిస్తే మొట్టమొదట పదిహేను నిమిషాలపాటు ధారగా పడే నీటితో, సబ్బుతో కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. మిగిలిన మోతాదులు మానవద్దు.) నన్నయగారు తెనిగించిన భారతంలో కథ మొదలయ్యేదే అకారణంగా దెబ్బలు తిన్న కుక్కపిల్ల తరఫున దాని తల్లి సరమ న్యాయం అడగడంతో. మాస్టారుగారు పిల్లలకు ఆ ఘట్టం ఎన్నిసార్లు చెప్పారో! మన వీధుల్లో మాత్రం కుక్కకూ మనిషికీ ఇంకా ఆ తగవు తీరలేదు.

అయితే కుక్క చేసే పని ఏది? పక్కన ఉండడం, గుర్తించడం, పిలవడం. ఆ మూడు పనులూ మనుషులు చేయగలరు, తెలిస్తే. మూర్ఛ వచ్చిన వ్యక్తిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల క్రింద మెత్తని గుడ్డ పెట్టండి. మెడ దగ్గర బిగుతు వదులు చేయండి. చేతిలో తాళంచెవులు, ఇనుము పెట్టవద్దు. దాని వల్ల మూర్ఛ ఆగదు, దానంతట అదే ఆగుతుంది. ఉల్లిపాయ వాసన చూపవద్దు. నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ నీళ్లు గానీ పోయవద్దు, పెట్టవద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టవద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా రెండోసారి వచ్చినా 108కి ఫోను చేయండి. ఆ బిడ్డ కూర్చునే బెంచీలోని ఇద్దరు పిల్లలకూ, టీచరుకూ ఇది తెలిస్తే చాలు. స్నానాలగది గడియ లోపల వేయవద్దు. చెరువుకూ, కాలువకూ, మునేటికీ ఒంటరిగా పంపవద్దు. డాక్టరు చెప్పనిదే బిళ్లలు ఒక్కరోజు కూడా ఆపవద్దు.

ఇక వాకిట్లో అమ్మకం మాత్రం మన ఊరికి తప్పక తెచ్చుకోదగినది. మన ఇళ్ల అటకల మీద ఏమున్నాయో ఒకసారి చూడండి. తుంటి ఎముక విరిగినప్పుడు కొన్న వాకరు. నాన్నగారి చివరి రోజుల్లో కొన్న నీటి పరుపు. కమోడు కుర్చీ. నెబ్యులైజరు. 2021 కరోనా రెండవ అలలో అడిగినంత ధర పోసి తెచ్చిన ఆక్సిజన్ యంత్రాలు. మా ఇంట్లో నా భార్య వాడిన చక్రాల కుర్చీ ఆరేళ్లుగా దుప్పటి కప్పుకుని ఉన్నది. అమ్మబుద్ధి కాదు, ఇవ్వబుద్ధి కాదు, చూసినప్పుడల్లా దిగులు. అదే సమయంలో చందర్లపాడు వైపు ఏదో ఇంట్లో ఒకాయన కొత్త కుర్చీ కొనలేక కోడలి చేతుల మీద పెరట్లోకి వెళుతుంటాడు.

ఈ వస్తువులను ఒక ఆదివారం ఒకచోట చేర్చి, కొత్తదాని ధరలో నాలుగో వంతుకు అమ్మితే కొన్నవానికి గౌరవం, అమ్మినవానికి అటక ఖాళీ. వచ్చిన సొమ్ముతో మందులు కొనలేని మూర్ఛరోగులకు ఏడాది బిళ్లలు కొనవచ్చు. కొన్ని వస్తువులు మాత్రం బల్ల మీదికి రాకూడదు. మిగిలిపోయిన మందులు, సూదులు, ఒకరి చెవికి అమర్చిన వినికిడి యంత్రం, పాదరసం ఉన్న పాత బి.పి. పరికరం వద్దు. ఆక్సిజన్ యంత్రాన్ని మెకానిక్కు పరీక్షించి చూస్తే తప్ప అమ్మవద్దు. పైకి శబ్దం వస్తున్నా లోపల ఆక్సిజన్ శాతం పడిపోయి ఉండవచ్చు. పరుపులూ కుర్చీలూ కడిగి ఎండబెట్టాలి. ఎంత వచ్చిందో, ఎవరి మందులకు ఎంత పోయిందో (రోగుల పేర్లు లేకుండా) కాగితం మీద వ్రాసి అదే గోడకు అంటించాలి. చదివింపుల పుస్తకం అలవాటున్న జాతికి లెక్క వ్రాయడం నేర్పనక్కరలేదు. వర్షాలు తగ్గాక మా ఇంటి ముందే మొదలుపెట్టాలని అనుకుంటున్నాను. నా వంతుగా ఆ చక్రాల కుర్చీ దించి కడిగించాను.

ఆ శనివారం సాయంత్రం మాస్టారు మా ఇంట్లోనే ఉన్నారు. అక్కడ ఉదయమైంది. కొడుకు ఫోనులో బల్లలన్నీ చూపిస్తున్నాడు. ఈయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే పరికించి చూసి, ఉన్నట్టుండి, "ఒరే, ఆ మూల ఇత్తడి కాఫీ ఫిల్టరు మీ అమ్మ ఇచ్చినది. అది లోపల పెట్టెయ్. మిగతావి నీ ఇష్టం" అన్నారు. కొంచెం ఆగి, "రెండు డాలర్లేమిటిరా ఆ కుర్చీకి? నాలుగు చెప్పు, మూడుకి దిగు" అన్నారు.

మధ్యాహ్నానికి వారికి వచ్చినది ఎనిమిది వందల చిల్లర డాలర్లు. కుక్కకు ఇంకా చాలా దూరం. కానీ అదే వీధిలో నాలుగో ఇంటి ఆమె ఏమీ కొనకుండా నిలబడి, బిడ్డ పడిపోతే తాను ఏమి చేయాలని అడిగి, కాగితం మీద వ్రాసుకుని వెళ్లిందట.